గుమ్మం దాటని కీమా ఉండలు

జూన్ 4

పిన్నీ,

ఈ ఉత్తరం కొట్టులో నిలబడి చదవకు. ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని చదివే నీ అలవాటు నాకు తెలుసు. ఇంటికెళ్లి, చేతులు కడుక్కుని, బాబాయిని కాసేపు మాట్లాడొద్దని చెప్పి చదువు.

ఫోను చెయ్యొచ్చుగా అంటావేమో. మొన్న చేస్తే ఏమైంది? "ఆ, చెప్పవే" అన్నావు. ఎవరికో అరకిలో తూచావు. ఇంకెవరితోనో కొవ్వు ఎక్కువైందని పోట్లాడావు. "సరే, ఉంటా" అని పెట్టేశావు. నేను చెప్పింది ఒక్క ముక్క నీ చెవిన పడలేదు. పైగా ఇక్కడ ఫ్యాక్టరీ లోపలికి ఫోను రానివ్వరు. అందుకే కాగితం పట్టాను. కాగితం మాట్లాడుతుంటే నువ్వు మధ్యలో దూరలేవు.

కొత్త ఉద్యోగం బాగుంది. మాంసం ఫ్యాక్టరీ అంటే నీ కొట్టునే పెద్దది చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుందనుకున్నాను. కాదు. ఇక్కడ మాంసం కంటే నీళ్లు, సబ్బు, తెల్ల గోడలు ఎక్కువ కనిపిస్తాయి. లోపలికి వెళ్లేముందు గాజులు, కమ్మలు, గడియారం, జడపిన్నులు అన్నీ తీసి బీరువాలో పెట్టాలి. కోటుకి జేబులుండవు. వేలు తెగితే నీలం రంగు పట్టీ వేస్తారు. మాంసంలో నీలం ఉండదు కదా, ఊడి పడితే కనిపిస్తుందని. అది చాలదన్నట్టు ఆ పట్టీ లోపల సన్నటి లోహపు రేకు కూడా పెడతారు. కంటికి చిక్కకపోయినా నా మిషనుకి చిక్కాలని.

నా మిషను అన్నాను చూశావా! అదే నా పని. బెల్టు మీద మాంసం పొట్లాలు వరుసగా వస్తుంటాయి. మధ్యలో ఒక పెద్ద పెట్టె, దానికి గుమ్మంలాంటి కంత. ప్రతి పొట్లం ఆ గుమ్మంలోంచి వెళ్లాలి. లోపల ఇనుము గానీ ఇత్తడి గానీ స్టీలు గానీ ఆవగింజంత ఉన్నా మిషను కీచుమంటుంది. పక్కనుంచి ఒక ఇనప చెయ్యి వచ్చి ఆ పొట్లాన్ని తాళం వేసిన డబ్బాలోకి తోసేస్తుంది. గంటకోసారి మిషనుకే పరీక్ష పెడతాను. బుల్లి లోహపు గుండు దాచిన ప్లాస్టిక్ పుల్లలుంటాయి, వాటిని పొట్లం మీద పెట్టి పంపిస్తాను. తోసిందంటే మిషను మెలకువగా ఉన్నట్టు. తొయ్యలేదంటే అది ఎప్పటినుంచి నిద్రపోతోందో తెలియదు కాబట్టి, కిందటి పరీక్ష తర్వాత వెళ్లిన సరుకంతా వెనక్కి తెప్పించాలి. అనుమానం ఉన్న సరుకు ఎవరి నోటికీ వెళ్లకూడదన్నది ఇక్కడ మొదటి రోజు నేర్పిన పాఠం.

ఇక అసలు సంగతి. నేను బయల్దేరేటప్పుడు నువ్వు కట్టిచ్చిన కీమా ఉండలు ఇక్కడ భోజనాల గదిలో పంచాను. మా మేనేజరు మొహం ఎప్పుడు చూసినా జ్వరం తగిలినవాడిలా ఉంటుంది. ఒకటి తిన్నాడు. రెండోది అడిగి తిన్నాడు. మూడోది ఎవరూ చూడట్లేదనుకుని తిన్నాడు. "ఎవరు చేశారు?" అన్నాడు. "మా పిన్ని" అన్నాను, నేనే చేసినంత గొప్పగా. ఆయన కొత్త సరుకు కోసం వెతుకుతున్నాడట. ముందు నీ చేత్తో కలిపిన కీమా ముద్ద ఒక పెట్టెడు పంపమంటున్నాడు. మా బెల్టు మీద నడిపి చూస్తారు. అంతా బాగుంటే నీ పాళ్లతో ఇక్కడే చేసి ఊళ్లకి పంపిస్తారు.

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని గుర్తుపెట్టుకో. ఇది నేను కుదిర్చిన సంబంధం లాంటిది. చెడిందంటే రెండు వైపులవాళ్లూ నన్నే తిడతారు.

నీ కొట్టు బల్ల కింద పెరిగిన
పిచ్చుక

*

జూన్ 9

ఏమే పిచ్చుకా,

కొట్టులోనే చదివాను. నువ్వు వద్దన్నావుగా మరి.

లోహం పట్టే మిషనట, దానికో గుమ్మమట, ఒక చెయ్యట! చదువుకున్నవాళ్లు ఎంత డబ్బు పోసి కొన్నారో గానీ, నన్నడిగితే ఊరికే చెప్పేదాన్ని. కీమా ముద్దలో చెయ్యి పెట్టి పిసికితే నూకంత ఎముక ఉన్నా నా వేలికి తగులుతుంది. ఈ వీధిలో పళ్లు రాని పిల్లలూ పళ్లు ఊడిన ముసలాళ్లూ కళ్లు మూసుకుని నా కీమా తింటున్నారు. ఎదురింటాయన రోజూ అడుగుతాడు, "ఎముకల్లేవుగా?" అని. నేను రోజూ ఆయన ముందే ముద్ద పిసికి చూపిస్తాను. ఆయనకి అనుమానమేమీ లేదు, నేను పిసకడం చూస్తే ఆయనకి ఆకలేస్తుందట.

అయినా నీ మాట తీసెయ్యలేక ముద్ద కలిపి పంపిస్తున్నాను. మీ ఊరి వైపు వచ్చే ఐసు బండి డ్రైవరుకి అప్పగించాను. దారిలో పెట్టె తెరిచాడో, తిరిగొచ్చాక వాడి సంగతి చెప్తాను. పాళ్లు మాత్రం రాయను. ఉప్పెంతో మిరియాలెన్నో నా అరచేతికి తెలుసు, కాగితానికి తెలియక్కర్లేదు.

నిజం చెప్పనా? నాకు ఈ సంబంధం కుదరాలనే ఉంది. మీ మేనేజరుకి మాత్రం ఆ మాట చెప్పకు. మాకేం తొందర లేదన్నట్టు మొహం పెట్టు.

అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని నవ్వకు. ఈ పెన్ను మంచిది కాదు. మీ బాబాయి ఈమధ్య గల్లాపెట్టె వదిలేసి నా పక్కనే తచ్చాడుతున్నాడు. కత్తి నేను పడతానంటాడు. ముప్పై ఏళ్లుగా లేని ప్రేమ ఇప్పుడెక్కడిదో.

జడపిన్నులు తీసేస్తే జుట్టు ఎలా ఆగుతోందే? సరిగ్గా తింటున్నావా?

పిన్ని

*

జూన్ 16

పిన్నీ,

పనికి వేళవుతోంది, కోటు తొడుక్కుంటూ రాస్తున్నాను. నీ పెట్టె చక్కగా చేరింది, డ్రైవరు తెరవలేదు. నిన్న బెల్టు మీద నడిపాం. ఏం చెప్పను! నీ ఉండల పొట్లాల్లో ఒక్కటంటే ఒక్కటి గుమ్మం దాటలేదు. మిషను గోలగోలగా కీచుమంటూ అన్నింటినీ డబ్బాలోకి తోసేసింది. మా మెకానిక్కు పడీపడీ నవ్వాడు.

నువ్వేం కంగారు పడకు, వివరంగా తర్వాత రాస్తాను. ఇరవై నాలుగున మళ్లీ నడుపుతారు. ఈసారి సరుకు కొనే వ్యాపారులు కూడా రుచి చూడ్డానికి వస్తున్నారు. ఇంకో పెట్టె పంపు. గంట కొట్టేశారు, పరిగెత్తాలి.

పిచ్చుక

*

జూన్ 20

పిచ్చుకా,

కంగారు పడొద్దని రాసి కంగారు పెట్టడం నీకు మీ అమ్మ నేర్పిందా, నేను నేర్పానా?

ఒక్క పొట్లమూ దాటలేదా! నా కీమాలో ఇనుముందనా వాళ్ల ఉద్దేశం? నా కొట్టు శుభ్రంగా లేదనా? ఎవడే ఆ పడీపడీ నవ్వినవాడు? వాణ్ణొకసారి ఇటు రమ్మను. నా కొట్టు నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు, వాళ్ల భోజనాల గదిలో తినగలరేమో చెప్పమను.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మీ బాబాయి "వివరంగా రాస్తానంది కదా, ఆగు" అన్నాడు. ఆయన ఆగగలడు, నేను ఆగలేను. కీమా మిషను మొత్తం ఊడదీశాను. మర, జల్లెడ బిళ్ల, గొట్టం అన్నీ వేణ్ణీళ్లలో నానేసి, కొత్త స్టీలు పీచులు తెప్పించి తోమాను. మామూలుగా వాడే బ్రష్షు పక్కన పడేశాను, దానికి పదునేముంది? పీచు అరిగిపోయేదాకా తోమాను, ఇంకోటి తీశాను. నిన్న తోమి, నిన్నటి అమ్మకానికి కీమా కొట్టి, పొద్దున మళ్లీ తోమాను. ఇప్పుడు ఆ జల్లెడ బిళ్లలో నా మొహం కనిపిస్తోంది. మీ మేనేజరు వచ్చి తల దువ్వుకోవచ్చు.

అలా మెరుస్తున్న మిషనులో కొట్టిన కీమా ఇది. ఈ ఉత్తరం కూడా పెట్టెతోపాటు డ్రైవరు చేతికే ఇస్తున్నాను. ఈసారి గనక మీ గుమ్మం నా ఉండల్ని తోసేసిందంటే తప్పు గుమ్మానిదే. నా పరువు నీ చేతుల్లో పెడుతున్నాను.

పిన్ని

*

జూన్ 20

పిన్నీ,

ఇవాళ సెలవు. తీరిగ్గా కూర్చున్నాను. మొన్న హడావుడిగా రాసింది తలుచుకుంటే నాకే సిగ్గేసింది. నువ్వు ఈపాటికి అగ్గి మీద గుగ్గిలమై ఉంటావు.

నీ కీమాలో లోహం లేదు, పిన్నీ. డబ్బాలో పడ్డవన్నీ విప్పి, గరిటెతో పరిచి చూశాం. ఏమీ లేదు. తప్పంతా నీ ఉప్పుది. మిషనుకి కళ్లుండవు. తన గుమ్మంలోంచి కరెంటు పారగలిగేది ఏది వెళ్లినా దానికి చురుక్కుమంటుంది, అంతే. లోహంలో కరెంటు పారుతుంది. ఉప్పునీళ్లలోనూ పారుతుంది. నీ ముద్దలో ఉప్పూ వెనిగారూ బాగా దట్టించి ఉంటాయి, పైగా తడితడిగా ఉంటుంది. పాపం దానికి ఇనప ముక్కకీ నీ మసాలాకీ తేడా తెలియక బెదిరిపోయింది.

దానికి మందు ఉంది. లోహం లేని నీ పొట్లాల్నే మళ్లీ మళ్లీ గుమ్మంలోంచి పంపి, "ఇది పిన్ని మాంసం, దీని గోల ఇంతే" అని మిషనుకి అలవాటు చేయాలి. మెకానిక్కు చేస్తానన్నాడు. ఆయన నవ్వింది నిన్ను చూసి కాదు, మిషను కంగారు చూసి.

కాబట్టి నువ్వేమీ మార్చకు. కలిపే పద్ధతి, కడిగే పద్ధతి, అంతా ఎప్పటిలాగే ఉండనీ. ఎప్పటిలా ఉంటేనే మిషను గుర్తుపడుతుంది.

రెండు పూటలా తింటున్నాను. జుట్టుకి గుడ్డ నాడా కట్టుకుంటున్నాను.

పిచ్చుక

*

జూన్ 25

పిన్నీ,

ఇది రాయడం నాకు చాలా కష్టంగా ఉంది. కానీ ఇంకెవరి నోటిద్వారానో నీకు తెలియడం అంతకంటే కష్టం.

నిన్న పొద్దున నీ పెట్టె వచ్చింది, ఉత్తరం కూడా. లోపలికి కాగితం తీసుకెళ్లకూడదు కనక చదవకుండానే బీరువాలో పెట్టి పనిలోకి వెళ్లాను. వ్యాపారులు రుచి చూసే గదిలో కూర్చున్నారు. పక్కనే పెనం వేడెక్కుతోంది. మెకానిక్కు మిషనుకి నీ మాంసం ముందే అలవాటు చేసి ఉంచాడు. పుల్లలతో పరీక్ష పెట్టాను, మూడింటినీ తోసింది. ఇక నీ పొట్లాలు మొదలుపెట్టాం. పిన్నీ, నువ్వు చూడాల్సింది! ఒకటి వెనక ఒకటి బుద్ధిగా గుమ్మం దాటుతున్నాయి. మా మేనేజరు మొహంలో జ్వరం తగ్గింది.

అంతలో ఒక పొట్లాన్ని తోసేసింది.

తోసిన పొట్లాన్ని మళ్లీ పంపి చూడాలి. పంపాను. దాటిపోయింది. "మళ్లీ ఉప్పే. పక్కన పడెయ్, పెనం వేడెక్కింది, మిగతావి కానీ" అన్నాడు మెకానిక్కు. మేనేజరు కూడా కానీ కానీ అన్నట్టు చెయ్యి ఊపాడు. నేనూ ఉప్పేనేమో అనుకున్నాను. కాదు, ఉప్పే కావాలని కోరుకున్నాను. అందుకే నాకు నా మీదే అనుమానం వచ్చింది. మొదటిసారి ఆ పొట్లం బెల్టు మీద కాస్త వంకరగా వెళ్లింది. రెండోసారి నేనే సర్ది తిన్నగా పెట్టాను. ఈసారి పూర్తిగా అడ్డం తిప్పి పెట్టాను. మిషను కీచుమంది. తిన్నగా పెట్టాను, దాటింది. అడ్డంగా పెట్టాను, తోసింది. ఉప్పయితే ఎటు తిప్పినా ఒకేలా అరుస్తుంది. ఒక వైపు దాక్కుని ఇంకో వైపు దొరికిపోయేది సన్నటి తీగ ఒక్కటే. 

బెల్టు ఆపేశాను. ఖాయం కాని ఉద్యోగస్తురాలు, వ్యాపారులు కూర్చుని ఉండగా, ఎర్ర బొత్తాం నొక్కింది!  పొట్లం విప్పి ముద్దని పళ్లెంలో పరిచాం. వెంట్రుకలా మెరుస్తూ దొరికింది, స్టీలు తీగ ముక్క.

"ఇది మన దగ్గర్నుంచి వచ్చిందా, అక్కడినుంచా?" అన్నాడు మేనేజరు. తెలియదన్నాను. బయటికొచ్చి నీ ఉత్తరం విప్పాను. స్టీలు పీచు దగ్గరికి వచ్చేసరికి ఆ తీగ ఎక్కడిదో తెలిసిపోయింది.

ఉత్తరం మడిచి బీరువాలో పెట్టేసి ఏమీ ఎరగనట్టు ఉండొచ్చు. ఉండాలని కూడా అనిపించింది. నా పరువు నీ చేతుల్లో పెడుతున్నాను అని రాశావు కదా. కానీ అక్కడ పెనం వేడెక్కుతోంది. మిగతా పొట్లాల్లో తిన్నగా పడుకుని దాటేసిన తీగలు ఎన్నున్నాయో ఎవరికి తెలుసు? లోపలికి వెళ్లి చెప్పేశాను. "మా పిన్ని కొట్టులో కీమా మిషనుని స్టీలు పీచుతో తోమారు, అక్కడినుంచే వచ్చింది" అని. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. నీ ముద్దంతా పారబోశాం. పారబోస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

తప్పు నాది. ఆ రోజు రెండు వాక్యాలు సరిగ్గా రాసి ఉంటే నువ్వు ఆ పీచు ముట్టుకునేదానివే కాదు. నన్ను ఎంత తిట్టాలో అంత తిట్టు. కానీ రాయి.

నీ పిచ్చుక

*

జూలై 5

పిన్నీ,

ఇంకా జవాబు లేదు. ఫోను చేస్తే బాబాయి ఎత్తి, "కొట్టులో ఉందమ్మా" అన్నాడు. పొద్దున చేసినా కొట్టులోనే, సాయంత్రం చేసినా కొట్టులోనే, కొట్టుకి సెలవు రోజున చేసినా కొట్టులోనే. ఆయనకి అబద్ధం చెప్పడం ఈ జన్మకి రాదు.

నీకు ముక్కు మీద కోపమని తెలుసు. కానీ నీ కోపం ఎప్పుడూ అరగంటకి మించి ఉండదు. ఇన్నాళ్ల కోపం నాకు భయంగా ఉంది. ఇంట్లో మనిషి పరువు బయటివాళ్ల ముందు తీసిందనుకుంటున్నావా? మళ్లీ అలాంటిది జరిగితే నేను మళ్లీ అదే చేస్తాను పిన్నీ. నీ మీద ప్రేమ లేక కాదు. అది నీకు తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు.

రెండు కబుర్లు. ఒకటి, నా ఉద్యోగం ఖాయమైంది. బెల్టు ఆపినందుకు తీసేస్తారనుకున్నాను. మేనేజరు పిలిచి, "సొంత పిన్ని సరుకునే ఆపింది, ఇక ఎవరి సరుకైనా ఆపుతుంది" అని సంతకం పెట్టాడు. రెండు, ఆయనకి నీ ఉండలు ఇంకా కావాలి. వ్యాపారుల్ని మళ్లీ పిలుస్తాడట. కాకపోతే కీమా ఇక్కడి మిషనులోనే కొట్టాలి, కలపడం నువ్వొచ్చి నేర్పాలి. పద్దెనిమిదిన రమ్మంటున్నాడు.

కోపంగానైనా సరే, రా.

పిచ్చుక

*

జూలై 10

పిచ్చుకా,

నీ మీద నాకు కోపమేమిటే, పిచ్చిదానా!

నీ ఉత్తరం వచ్చిన రోజు ముందు ఒక పని చేశాం. అనుమానం ఉన్న సరుకు ఎవరి నోటికీ వెళ్లకూడదని నువ్వే రాశావు కదా. పీచుతో తోమాక కీమా కొన్నవాళ్ల ఇళ్లన్నింటికీ మీ బాబాయి తిరిగాడు. చాలామంది ఎప్పుడో తినేశారు, దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఐసులో దాచుకున్నవాళ్ల దగ్గర వెనక్కి తెచ్చి పారబోశాడు. ఒక్కొక్క గడపా ఎక్కి "మా తప్పు" అని చెప్పాడు. నేను ఆయనతో వెళ్లలేకపోయాను. తల కొట్టేసినట్టుంది నాకు.

కానీ నేను రాయకపోవడానికి కారణం అది కాదు. మిషను పట్టింది సరే, నా వేళ్లు ఎందుకు పట్టలేదు? ఆ ముద్ద కలిపింది నేనే కదా. అదే నన్ను తినేసింది. చివరికి ఒకరోజు కొట్టు మూశాక పీచులోంచి ఒక తీగ లాగి మీ బాబాయి చేతికిచ్చి, నేను అటు తిరిగి నిలబడతాను, ముద్దలో ఎక్కడో పెట్టమన్నాను. పిసికాను. మళ్లీ పిసికాను. ఎంత పిసికినా దొరకలేదే. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి మీ బాబాయి, ఆయన చెయ్యి పెట్టగానే తీసి చూపించాడు. నేను ఆ బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చాను. ఆయన ముద్ద పారేసి బల్ల కడిగాడు.

చాలా రోజులనుంచి నా వేళ్లు మొద్దుబారుతున్నాయి. నా పెన్నుకి ఏ రోగమూ లేదు. నీకు చెప్పలేదు, మీ బాబాయికీ చెప్పలేదు. ఆయనకి ఎలాగో తెలిసిపోయి, చెప్పకుండా నా పక్కన నిలబడుతున్నాడు. నేనేమో ప్రేమ ఎక్కువైందనుకున్నాను. మీ ఫ్యాక్టరీ సంబంధం కుదరాలని ఎందుకనుకున్నానో ఇప్పుడు చెప్తున్నాను. చేతులు ఆగిపోయినా ఆ రుచి ఆగిపోకూడదని.

డాక్టరుకి చూపించాం. ఇన్నేళ్లు కత్తి పట్టినందుకు మణికట్టు దగ్గర నరం నలిగిందట. కట్టు కట్టాడు. నెమ్మదిగా నయమవుతుంది, కత్తి మాత్రం తగ్గించమన్నాడు. కాబట్టి ఇప్పుడు కత్తి మీ బాబాయి పడుతున్నాడు. ముక్కలు ఒకటి ఏనుగంత, ఒకటి చీమంత. కొనేవాళ్లు ఆయన మొహం చూసి ఊరుకుంటున్నారు.

స్టీలు పీచులన్నీ చెత్తలో వేశాను. పద్దెనిమిదిన వస్తున్నాను. ఆ నవ్విన మెకానిక్కుకి చెప్పి ఉంచు.

పిన్ని

*

జూలై 23

పిన్నీ, బాబాయీ,

పిన్ని ఇక్కడ చేసిన ఘనకార్యాల గురించి ఆవిడ నిజం చెప్పదు కనక, బాబాయి కోసం నేనే రాస్తున్నాను.

తలుపు దగ్గర కమ్మలు తియ్యమన్నారు, తీసింది. గాజులు తియ్యమన్నారు, సబ్బు రాసుకుని మరీ తీసింది. చేతికట్టు తియ్యమన్నారు. దాంట్లో లోహపు బద్ద ఉందట. "ఇది డాక్టరు కట్టాడు, మీకేం హక్కుంది?" అని ద్వారం దగ్గర బైఠాయించింది. చివరికి మా ఫ్యాక్టరీలో ఉండే నర్సమ్మ గుడ్డతో మెత్తటి కట్టు కట్టి, పైన చేతితొడుగు వేస్తే లోపలికొచ్చింది. తర్వాత ఉప్పు. పిన్ని పిడికిలి తీస్తుంటే పక్కన త్రాసు పెట్టి తూచాం. మొదటి పిడికిలికీ రెండో పిడికిలికీ పొంతన లేదు. మా మెకానిక్కు భయపడుతూ ఆ మాట అంటే, "త్రాసు బాగుచేయించుకోండి" అంది. ఆఖరికి కాస్త కాస్త కలుపుతూ, వేయించి తింటూ, "ఆ, ఇదీ" అన్నచోట ఆగి, ఆ బరువు రాసుకున్నాం. మా మేనేజరు ఆ రోజు భోజనం మానేశాడు, రుచులతోనే కడుపు నిండిపోయింది.

ఇప్పుడు నువ్వు బస్సెక్కాక జరిగింది చెప్తాను, పిన్నీ.

నువ్వు కలిపిన ముద్దనే మర్నాడు బెల్టు మీద నడిపాం. ఈసారి నేను కొన్ని పొట్లాల్ని తిన్నగా, కొన్నింటిని అడ్డంగా కూడా పంపాను. అన్నీ దాటాయి. వ్యాపారులు తిన్నారు, ఇంకా ఉన్నాయా అని అడిగి తిన్నారు. సంబంధం కుదిరింది!

మా మిషనుకి ఒక తెర ఉంటుంది. ఏ సరుకు నడుపుతున్నామో దాని పేరు అందులో నొక్కాలి, అప్పుడే ఆ సరుకు గోల దానికి గుర్తొస్తుంది. "ఈ ఉండలకి ఏం పేరు పెట్టను?" అన్నాడు మెకానిక్కు. నాకు నోటికొచ్చింది చెప్పేశాను. ఇప్పుడు తెర మీద కోడి ముక్కలు, సాదా కీమా, వాటి కింద పిన్ని. మేనేజరు చూసి, "పిన్ని ఏమిటి?" అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించి, "సరే, ఉండనీ" అన్నాడు.

ఇక చూడు. "పిన్ని మొదలైందా?" "పిన్నికి పరీక్ష పెట్టారా?" "పిన్నిని ఆపండి, కడగాలి!" రోజంతా ఇవే కేకలు. బాబాయీ, ఇన్నాళ్లకి పిన్నిని ఆపే బొత్తాం ఒకటి దొరికింది. నా చేతికి అందేంత దూరంలోనే ఉంది.

మీ పిచ్చుక

*

జూలై 28

పిచ్చుకా,

ఆ బొత్తాం ఇంటికి కూడా ఒకటి దొరుకుతుందా అని మీ బాబాయి పొద్దుట్నుంచీ అడుగుతున్నాడు. మధ్యాహ్నం ఆయనకి అన్నం నేనే వడ్డిస్తానని గుర్తుచేశాను. అడగడం మానేశాడు.

కట్టు పనిచేస్తోంది. ఈ ఉత్తరంలో అక్షరాలు చూడు, కోడి గెలికినట్టున్నా, కాస్త బుద్ధిమంతురాలైన కోడి. వేలి కొసల్లో చురుకు కొంచెం కొంచెంగా వస్తోంది. అంతా తిరిగొస్తుందో రాదో తెలియదు. మొన్నటిదాకా ఆ మాట తలుచుకుంటేనే భయమేసేది. ఇప్పుడంత భయం లేదు.

నిన్న ఎదురింటాయన వచ్చి ఎప్పటిలాగే, "ఎముకల్లేవుగా?" అన్నాడు. అలవాటు కొద్దీ ముద్దలో చెయ్యి పెట్టబోయి ఆగాను. మీ బాబాయిని పిలిచి ఆయన చేత పిసికించాను. "అదేంటమ్మా, నీ వేళ్లకేమైంది?" అన్నాడు ముసలాయన. వీధిలో ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. ఇదివరకయితే ఏదో ఒకటి చెప్పి దాటేసేదాన్ని.

"నా వేళ్లు ఇక్కడ లేవండీ. ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తున్నాయి, బెల్టు పక్కన నిలబడి" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నీకవుతుంది.

గోళ్లు మాత్రం ఎప్పటికప్పుడు కత్తిరించుకో.

పిన్ని